ఆరవ గ్లాసు

పంతొమ్మిదివందల డెబ్బై ఎనిమిదవ సంవత్సరం ఆషాఢంలో నన్ను నాణేల విభాగం నుండి గాజు విభాగానికి బదిలీ చేశారు. హైదరాబాదు పాతబస్తీలోని ఒక ప్రదర్శనశాలలో నేనప్పటికే చాలాకాలంగా సహాయ కీపరును. ఈ హోదా పేరు విన్నవారు నన్ను జంతుప్రదర్శనశాల ఉద్యోగిగా భావించడం కద్దు. కనుక కొంత వివరించక తప్పదు. వస్తువేదో, ఎక్కడిదో, ఏ కాలపుదో తేల్చి సంతకం చేసేవాడు కీపరు. ఆ సంతకానికి ముందు జరగవలసిన చాకిరీ అంతా, అనగా కడగడం, కొలవడం, భూతద్దంతో పరీక్షించడం, తోటి వస్తువులతో పోల్చి చూడడం, సహాయ కీపరు వంతు. వస్తువును ఒక గది నుండి మరొక గదికి మోసే అధికారం మాత్రం మా ఇద్దరికీ లేదు. అది గ్యాలరీ అటెండరుది. మా విభాగపు అటెండరు ఖాదర్ భాయ్. వయసులోనూ సర్వీసులోనూ నాకంటె పెద్ద.

నాణేలకు అలవాటు పడిన చేతులకు గాజు కొత్త. నాణెం చేజారితే మోగుతుంది. గాజు చేజారితే సంజాయిషీ రాయవలసి వస్తుంది. మొదటి నెలంతా ఖాదర్ భాయ్ నన్ను ఏ వస్తువునూ ముట్టనీయలేదు. "చూడుండ్రి సాబ్, కండ్లతోని చూసుడుకు పైసల్లేవు" అనేవాడు.

బుధవారం మధ్యాహ్నాలు మా కార్యాలయం పురజనులకు తెరచి ఉండేది. తమ ఇళ్లలోని పాత వస్తువులను తెచ్చి ఎవరైనా మా అభిప్రాయం కోరవచ్చు. ఇది ఏమిటి, ఎక్కడిది, ఏనాటిది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పడం మా విధి. వెల చెప్పడం నిషిద్ధం. వచ్చేవారిలో ముప్పాతికమంది అడిగేది మాత్రం ఆ నాలుగవ ప్రశ్ననే.

శాంతమ్మగారు దాన్ని అడగలేదు.

ఒక బుధవారం వాన వెలిసిన వేళకు ఆమె రిక్షా దిగారు. డెబ్బై ఏళ్లు పైబడిన మనిషి. పత్తర్‌గట్టీలో తరతరాలుగా ముత్యాల వ్యాపారం చేస్తున్న ఒక తెలుగు వైశ్య కుటుంబానికి పెద్ద దిక్కు. ఒడిలో పాత చీరతో చుట్టిన మూటను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆ మూటను అందుకొనబోయిన ఖాదర్ భాయిని కసిరి, "గాజు సంగతి తెలిసిన సారెవరు బిడ్డా?" అని అడిగారు.

"అగో అమ్మా, కండ్లకు సుత గాజే పెట్టుకొని కూసున్నడు. ఆయననే" అన్నాడు ఖాదర్ భాయ్.

ఆమె నా ఎదుట కూర్చుని, ముందుగా తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి ఒక మాట చెప్పారు. "కోడలికి గుడికి పోతున్న అని చెప్పొచ్చిన సారూ. గీ సంగతి ఇంట్ల తెలువద్దు."

మూట విప్పితే ఎర్రని మఖమల్ పొదిగిన పెట్టె. మూత తెరిచేసరికి ఆ మబ్బు పట్టిన గదిలో ఎక్కడిదో వెలుగు వచ్చి బల్లమీద కూర్చున్నట్లయింది. లోపల ఆరు గుంతలు. అయిదింటిలో అయిదు నీలి గ్లాసులు. ఆరవ గుంత ఖాళీ.

ఆ గ్లాసుల గురించి చెప్పాలి. జపాను దేశస్థులు వీటిని కిరికో అంటారు. ముందుగా స్వచ్ఛమైన గాజును ఊది, దానిపై గాఢమైన రంగు గాజును పలుచని చర్మంలా తొడుగుతారు. ఆపైన నీరు జాలువారుతూ తిరిగే చక్రానికి గ్లాసును ఆనించి, ఆ నీలి చర్మాన్ని గీతలు గీతలుగా కోస్తారు. కోసిన మేర లోపలి తెల్లదనం బయటపడుతుంది. పనివాడు ముందుగా వేసుకునేది కొలతకు నాలుగు గీతలు మాత్రమే. పువ్వూ ఆకూ ఉండేది అతని చేతిలోనే. చక్రం తాకేది గ్లాసు వెలుపలి వైపును. అతను చూసేది లోపలి వైపు నుండి, వెలుగుకు ఎదురుగా పట్టుకొని. చేయి రవంత బరువైతే గ్లాసు రెండవుతుంది. శాంతమ్మగారి గ్లాసుల మీద నడుము చుట్టూ చేపగుడ్ల వంటి సన్నని గళ్లు, వాటి నడుమ జనుపాకుల నక్షత్రాలు, అడుగున విప్పారిన చేమంతి. భోజన వేళ అతిథికి చల్లని పానీయం అందించడానికి చేసినవి. శతాబ్దాల నాటివేమీ కావు. కాని చేసిన చేయి మాత్రం నేర్పరిది.

వాటి కథ ఆమె చెప్పగా విన్నాను. ఆమె భర్త బొంబాయి వెళ్లి జపాను ముత్యాలు కొనేవారు. సుమారు ఇరవై ఏళ్ల కిందట అక్కడొక జపాను వర్తకుడు స్నేహపూర్వకంగా ఈ గ్లాసులు ఇచ్చాడు. ఆయన వాటిని తిన్నగా గుల్జార్ హౌజ్ దగ్గర నగల పెట్టెలు చేసేవారికిచ్చి, పెట్టె చేయించి, ఇంటికి పంపి, మళ్లీ బొంబాయి వెళ్లిపోయారు. ఎవరూ తెరవని ఆ పెట్టె అలమారలో కొన్ని నెలలుంది. దసరాకు ఇల్లు దులిపినప్పుడు పనిమనిషి ఎల్లమ్మ పెట్టెను కిందికి దించింది, కొత్త కోడలు సుగుణ పక్కనే ఉంది. శాంతమ్మగారు వచ్చి చూసేసరికి అయిదే ఉన్నాయి.

ఇల్లంతా వెతికారు. ఎల్లమ్మను నిలదీశారు. ఆమె దేవుడి మీద ప్రమాణం చేసింది. ప్రమాణాలు వినే స్థితిలో అత్తగారు లేరు. సాయంత్రానికి కోడలు వచ్చి, తుడుస్తుండగా తన చేతిలోనే పగిలిందనీ, భయపడి ముక్కలను చెత్తబండిలో వేశాననీ ఒప్పుకుంది.

"ఒప్పుకున్నంక ఊకోవద్దా సారూ నేను? ఊకోలె. మీ అవ్వగారింట్ల ఇత్తడి లోటాలే గద, గాజు పట్టుడు నీకేం తెలుస్తది అన్న. నలుగురి ముంగట అన్న. గా దినం నుంచి అది గాజు ముట్టలె. గా పెట్టె తెరువలె. చాయ తాగినా స్టీలు గిలాసలనే తాగుతది. అడిగితే, గదే మంచిగుంది అత్తమ్మా అంటది."

పెద్దాయన, అంటే ఆమె భర్త, బొంబాయి నుండి వచ్చాక గ్లాసులెన్ని అని ఆమె అడిగితే, తనకు తెలియదన్నారట. ముత్యాలను గింజ గింజగా లెక్కపెట్టే మనిషి బహుమానాన్ని లెక్కపెట్టడం అమర్యాద అనుకున్నారు. పెట్టెలో గుంతలు ఆరున్నాయి కనుక గ్లాసులూ ఆరే.

ఇక ఆమె కోరిక. పెద్దాయన పోయారు. తన కంటిచూపు తగ్గుతున్నది. ఆ పెట్టెను స్వయంగా కోడలి చేతిలో పెట్టాలని ఉంది. కాని మూత తీయగానే కనబడేది ఆ ఖాళీ గుంత. "గది చూసినప్పుడల్లా దానికి నా మాటనే యాదికొస్తది. ఆరోది చేయించు బిడ్డా. ఎవ్వలతోనన్న చేయించు. నిండుగ ఇస్త. ఇచ్చి, తప్పయింది అంట."

వస్తువు తయారీ మా విధుల్లో లేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. పరీక్షకై ఉంచుకుంటున్నట్లు తాత్కాలిక రసీదు రాసిచ్చాను. రసీదు మీద వేలిముద్ర వేస్తూ ఆమె ఖాదర్ భాయితో, "పలగ్గొట్టేవు జాగ్రత్త! నా కోడలు నీకంటె నయ్యమనిపించకు" అన్నారు. ఖాదర్ భాయ్ చెవులు పట్టుకుని దండం పెట్టాడు.

మరునాడు గ్లాసులను కడిగాము. దీనికొక పద్ధతి ఉంది. చేతి ఉంగరాలు, గడియారం తీసివేయాలి. తొట్టి అడుగునా చుట్టూ మెత్తని తువ్వాలు పరచాలి. నీరు గోరువెచ్చన దాటరాదు, ఎందుకంటే కోత పడిన గాజు ఒకచోట మందం, ఒకచోట పలుచన. వేడి రెండు చోట్లా ఒకేలా పాకదు, చిట్లుతుంది. ఒకటి ఆరిన తరువాతే రెండవది తొట్టిలో దిగాలి. అప్పటికి ఖాదర్ భాయ్ నన్ను ముట్టనిస్తున్నాడు. అయిదూ ఆరి బల్లపై నిలిచాక ఆరవదాని సంగతి ఆలోచించాను. సాధ్యం కాదు. పైకప్పుకు వేలాడే ఝూమరు దీపాల లోలకులను సానబట్టే పనివారు పాతబస్తీలో ఉన్నారు. వారి దగ్గర చక్రమూ ఉంది, నేర్పూ ఉంది. కాని రెండు పొరల నీలి గాజు ఇక్కడ దొరకదు. బట్ట లేనిదే కుట్టుపని ఏమిటి?

ఆ సంగతి రాసి పంపుదామనుకుని, గ్లాసులను తిరిగి పెట్టెలో సర్దబోతూ ఆగాను. అయిదు గుంతల్లో మఖమల్ నూగు అణగి ఉంది. గ్లాసు అడుగంచు ముద్ర గుండ్రంగా, స్పష్టంగా పడింది. ఆరవ గుంతలో ముద్ర లేదు. భూతద్దం పెట్టి చూశాను. నూగు నిలువునా, దుకాణంలో ఉన్న గుడ్డలా ఉంది. కొన్ని నెలలపాటు బరువు మోసిన మఖమల్ పూర్తిగా లేచి నిలబడదు. ఆ గుంతలో ఏనాడూ ఏ గ్లాసూ కూర్చోలేదు.

ఒక్క ఆధారంతో అభిప్రాయం రాయడం మా వృత్తిలో తప్పు. పెట్టె చేసేలోపే ఒక గ్లాసు పోయి ఉండవచ్చు కదా. పక్క గదిలోని జపాను పింగాణీ అలమారల ముందుకు వెళ్లి నిలబడ్డాను. పళ్లేలు అయిదు. గిన్నెలు అయిదు. మూతల పాత్రలు అయిదు. రోజూ ఆ దారినే నడిచేవాణ్ణి.

కీపరుగారిని అడిగితే ఆయన తడుముకోకుండా చెప్పారు. జపానులో భోజనపాత్రల జత అంటే అయిదు. మన దగ్గర అరడజను ఎంత సహజమో అక్కడ అయిదు అంత సహజం. శుభకార్యాలకు బేసి సంఖ్యనే వారు మేలు తలుస్తారు. ఎవరి లెక్క వారిది, మనం సంభావన నూరు అని సరిపెట్టక నూటపదహార్లు ఇవ్వడం లేదా? ఇక పెట్టెకు ఆరు గుంతలెందుకన్నది నేనే ఎరుగుదును. మా ప్రదర్శనశాలకు పెట్టెలు చేయించినప్పుడు గుల్జార్ హౌజ్ వారి అచ్చులు చూశాను. ఆరు, లేదా పన్నెండు. అయిదు గుంతల అచ్చును ఎవడు చెక్కుతాడు?

సంగతి విన్న ఖాదర్ భాయ్ చాలాసేపు తువ్వాళ్లు మడతపెట్టి, "మస్తు హుషారు కోడలు సాబ్. లేని గిలాసను సుత పలగ్గొట్టింది" అన్నాడు. ఆ తర్వాత నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ మాట ఎక్కడికి దారితీస్తుందో ఇద్దరికీ ఒకేసారి తోచింది.

ఇప్పుడు నా ముందు రెండు సమాధానాలున్నాయి, రెండూ సత్యమే. ఆరవది ఇక్కడ తయారుకాదు అని రాయవచ్చు. దానివల్ల ఎవరికీ కొత్త నొప్పి లేదు. ఆ ముసలామె ఖాళీ గుంతను చూస్తూ శేషజీవితం గడుపుతుంది. లేదా, ఇది సంపూర్ణమైన జత, ఆరవది ఎన్నడూ లేదు అని రాయవచ్చు. అప్పుడు కోడలు ఆనాడు అబద్ధమాడిందని అత్తగారికి తెలుస్తుంది. ఎందుకాడిందో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా కుదుటపడినదాన్ని కదిపే హక్కు నాకున్నదా? కీపరుగారిని సలహా అడిగాను. వస్తువు తెచ్చినవారు అడిగినదానికి కాదు, వస్తువు చెప్పినదానికి మనం సంతకం చేస్తామని ఆయన జవాబు. సంతకం పెట్టారు. వెళ్లి చెప్పవలసినవాణ్ణి నేను.

తాత్కాలిక రసీదుపై తీసుకున్న వస్తువును యజమాని చేతికే అప్పగించాలన్నది నిబంధన. పెట్టె మోసుకుని ఖాదర్ భాయ్, కాగితం పట్టుకుని నేను పత్తర్‌గట్టీ వెనుక గల్లీలోని ఆ ఇంటికి వెళ్లాము. తలుపు తీసినది సుగుణగారే. నలభైకి దగ్గరవుతున్న, నిదానమైన మనిషి. చేతిలో ముత్యాలు ఏరే జల్లెడ. ఖాదర్ భాయ్ చేతిలోని పాత చీర మూటను చూడగానే గుర్తుపట్టారు. "గుడి గిదేనా అత్తమ్మా?" అని లోపలికి వినబడేటట్టు అన్నారు.

శాంతమ్మగారు మంచం మీద లేచి కూర్చున్నారు. ఏకాంతంగా చెప్పాలన్నాను. "దాని కోసమే గద సారూ అంత తిప్పల. విననీ. చేస్తరా, చెయ్యరా?" అన్నారు.

చెప్పాను. మఖమల్ సంగతి చెప్పాను, జపాను ఆచారం చెప్పాను, అచ్చుల సంగతి చెప్పాను. మూత తీసి, ఒక గ్లాసును పక్కన పెట్టి, ఆమె చూపుడువేలిని పట్టుకుని ముందు ముద్ర ఉన్న గుంతలో, పిదప ఖాళీ గుంతలో తడిమించాను. ఆమె వేలు ఆ నూగు మీద చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. జీవితమంతా ముత్యం నునుపును వేలితో చూసిన మనిషి. నా మాటలకంటె ఆ మఖమల్ ఆమెకు ఎక్కువ చెప్పింది.

"అయితె ఆరోది లేనే లేదు."

"లేదమ్మా."

ఆమె కోడలి వైపు తిరిగారు. "మరి నా చేతుల్నే పలిగింది అన్నవు గదనే?"

సుగుణగారు జల్లెడ కింద పెట్టారు. దొరికిపోయిన బెరుకు ఆమె ముఖంలో లేదు. ఎప్పుడో మోసి దించిన బరువు సంగతి ఎవరో అడిగినట్టు ఉంది.

"ఏం జెయ్యమంటరు అత్తమ్మా? ఆ పొద్దు ఇంట్ల పొయ్యి ముట్టియ్యలె. మీరు నోట్లె నీళ్లు పోసుకోలె. ఎల్లమ్మ గడపల కూసొని ఒకటే ఏడ్సుడు. రేపటి నుంచి రావద్దంటిరి. నన్ను తిడ్తె నాకు అవ్వగారిల్లన్న ఉండె. దానికేముండె? ఎవ్వలో ఒకలు ఒప్పుకుంటె గాని ఆ లొల్లి తెగేటట్టు లేదు. నేనే అన్న."

"నేనన్న మాటలో మరి? నలుగురి ముంగట అన్న గద బిడ్డా."

"మీరు పలిగిన గిలాస మీదికెల్లి అన్నరు. గిలాసనే లేకపాయె. మాటలెక్కడుంటయి ఇంక?"

శాంతమ్మగారు తల అడ్డంగా ఊపారు. "ఉంటయి. గాజు లెక్క కాదు మాట" అన్నారు. ఆ తరువాత చేయి చాచారు. కోడలు వచ్చి మంచం పట్టె మీద కూర్చుంటే, ఆమె తల మీద ఆ చేయి పెట్టారు. ఎల్లమ్మ కన్నుమూసి రెండేళ్లయిందని అప్పుడే తెలిసింది. చివరిదాకా ఆ ఇంట్లోనే పనిచేసిందట. సుగుణమ్మ తన మొదటి దసరాకు గ్లాసు పగలగొట్టిందని ఆమె కూడా నమ్మిందట, పెళ్లి కావలసిన పిల్లలకు జాగ్రత్త చెప్పేటప్పుడు ఆ కథే చెప్పేదట. అది చెబుతూ సుగుణగారు నవ్వారు. ముసలామె నవ్వుతున్నదో ఏడుస్తున్నదో పైకి తెలియలేదు.

"సారుకు మజ్జిగ తే. వీట్లనే పొయ్యి" అన్నారు కాసేపటికి.

సుగుణగారి చేయి పెట్టె దాకా వచ్చి ఆగింది. "అత్తమ్మా, చెయ్యి వణుకుతది."

"వణకనీ. పలిగితె నాలుగుంటయి. గప్పుడు గీ సారు వచ్చి నాలుగే ఉంటయి అని రాసిస్తడు."

ప్రదర్శనశాల ఉద్యోగిగా నేనక్కడ వారించవలసి ఉంది. సేకరణకు తగిన వస్తువును వాడుకలో పెట్టవద్దని చెప్పడం మా అలవాటు. నేను చెప్పినది, వేడివి పోయవద్దని మాత్రమే. సుగుణగారు రెండు చేతులా ఒక్కొక్క గ్లాసును పట్టుకుని లోపలికి వెళ్లి, మజ్జిగ నింపి తెచ్చారు. మజ్జిగ తెలుపు కోతల వెంబడి నిండి, అంతదాకా అద్దాల్లా మెరిసిన జనుపాకులు ముగ్గు పిండితో వేసినట్టు నిదానమైన తెలుపుగా కనబడ్డాయి. చుట్టూ నీలం మరింత చిక్కనైంది. మా అలమారలలో ఖాళీగా, వరుసగా నిలబెట్టిన ఏ గ్లాసులోనూ నేనా రంగు చూడలేదు. ఖాదర్ భాయ్ తన గ్లాసును రెండు చేతులా పట్టుకుని, నిలబడే తాగాడు. కూర్చోమని శాంతమ్మగారు రెండుసార్లు అంటే, "డ్యూటీల ఉన్న అమ్మా" అన్నాడు. నాలుగవ గ్లాసు సుగుణగారి ముందే ఉంది. అత్తగారు గుటక వేశాక ఆమె తాగారు.

శాంతమ్మగారు వస్తువు అందినట్లు వేలిముద్ర వేశారు. మా కాగితంలో ఇలా ఉంది: కోత పని గల నీలి గాజు గ్లాసులు, జపాను, అయిదు, జత సంపూర్ణం. వెల అడగలేదు. ప్రదర్శనశాలకు ఇవ్వరాదా అని మేమూ అడగలేదు.

తరువాత ఉద్యోగం ముగిసేదాకా గాజు విభాగంలోనే ఉన్నాను, కొన్నేళ్లకు కీపరునయ్యాను. కొత్తగా చేరిన సహాయకులకు వస్తువును కడగడం నేర్పే ముందే రెండు సంగతులు చెప్పేవాణ్ణి. ఏ జతనైనా లోపమున్నదిగా రాసేముందు, దాని పూర్ణసంఖ్య ఎంతో చేసినవారి ఆచారాన్ని బట్టి తేల్చాలి, మన ఆచారాన్ని బట్టి కాదు. ఇది మొదటిది. పగలగొట్టినట్లు ఎవరైనా ఒప్పుకోవడం, ఆ వస్తువు ఉండేదనడానికి సాక్ష్యం కాదు. ఇది రెండవది.